స్కీ వెడల్పు: గట్టి మంచునూ లెక్కలోకి తీసుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. లిఫ్టులూ చదును చేసిన బాటలూ లేని కొండల్లో, స్కీల అడుగున వెనక్కి జారనివ్వని నూగు పట్టీలు, అంటే స్కిన్లు, అంటించుకొని సొంత కాళ్ల బలంతో ఎక్కి, పైకి చేరాక వాటిని ఊడదీసి దిగివచ్చే ఈ క్రీడ గురించి తెలుగులో రాసేవారు తక్కువ కాబట్టి ఆ ప్రయత్నం మెచ్చుకోదగ్గది. అయితే, ఒకే జత స్కీలు కొనదలచినవారు 108 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో వెడల్పు ఉన్నవి తీసుకుంటే అవి అన్ని రకాల మంచుకూ సరిపోతాయన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను.

స్కీ వెడల్పు అన్నప్పుడు లెక్కలోకి వచ్చేది బూటు కింద, నడుము దగ్గరి కొలత. రెండు కొనలూ అంతకంటే వెడల్పుగానే ఉంటాయి. పర్వతారోహణ స్కీ పోటీల్లో వాడేవి 65 మి.మీ. చుట్టుపక్కల ఉంటాయి, 2026 మిలానో-కోర్టినా శీతాకాల ఒలింపిక్స్‌లో తొలిసారి పతక క్రీడగా చేరిన ఆ పోటీలను చూసినవారు ఆ సన్నని స్కీలను గమనించే ఉంటారు. వసంతకాలపు యాత్రలకు 80 నుంచి 90 వరకు, అన్ని కాలాలకూ పనికొస్తాయని అమ్మేవి 90 నుంచి 105 వరకు, లోతైన పొడిమంచు కోసమే చేసినవి ఆపైన ఉంటాయి. 1980లలో చాలామంది 70 మి.మీ. దగ్గరి స్కీల మీదే లోతైన మంచులోనూ దిగేవారు. అందుకు నైపుణ్యం ఎక్కువ కావలసివచ్చేదే తప్ప, అసలు దిగలేకపోవడమంటూ లేదు.

వెడల్పైన స్కీకి ఉన్న గుణాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. బరువు ఎక్కువ వైశాల్యం మీద పరచుకుంటే మంచులో కూరుకుపోవడం తగ్గుతుంది, ముందుకొన పైకి తేలుతుంది, మలుపు తిప్పడం తేలికవుతుంది, అలసిన కాళ్లు చేసే తప్పులు కూడా చాలావరకు బయటపడవు. ఎండకు పైపైన కరిగి, మళ్లీ పలుచని పొరగా గడ్డకట్టి, బరువు పడగానే విరిగిపోయే చెడ్డ మంచులో సైతం వెడల్పు కొంత ఆదుకుంటుంది. కాని తేలడం నడుము కొలత ఒక్కదానితో తేలే విషయం కాదు. స్కీ పొడవు, కొనలు పైకి లేచి ఉండే రాకర్, అది ఎంత సులువుగా వంగుతుందన్నది, అన్నిటికీ మించి దాని మీద నిలబడేవారి బరువూ వీపున ఉన్న సంచి బరువూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. సంచితో కలిపి 55 కిలోలు తూగే మనిషికి 92 మి.మీ. స్కీ ఇచ్చే ఆసరాను 95 కిలోలు తూగే మనిషికి 105 మి.మీ. స్కీ కూడా ఇవ్వకపోవచ్చు. అందుకే అందరికీ ఒకే అంకె చెప్పడం నాకు సబబుగా తోచదు.

అసలు చిక్కు ఎక్కేటప్పుడు వస్తుంది. నాలుగు గంటలు ఎక్కి అరగంటలో దిగిరావడం ఈ క్రీడలో మామూలే గనుక రోజులో సింహభాగం ఎక్కడంలోనే గడుస్తుంది. రాత్రి చలికి బిగుసుకుపోయిన వాలును తెల్లవారుజామున అడ్డంగా దాటుతున్న మనిషిని ఊహించండి. అతని మడమ స్కీకి బిగించకుండా విడిగా ఉంటుంది. బూటు ముందుభాగాన్ని చెరో వైపునా పట్టుకున్న రెండు చిన్న ఉక్కు పిన్నులే అతనికీ స్కీకీ మధ్య ఉన్న బంధం. వాలు బాగా గట్టిగా ఉన్నచోట స్కిన్ నూగు పూర్తిగా మంచుకు ఆనదు, కొండవైపు అంచు ఒక్కటే పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఆ అంచు పాదం మధ్యగీతకు ఎంత దూరంగా ఉంటే చీలమండ మీద అంత మెలిక పడుతుంది. 80 మి.మీ. స్కీలో ఆ దూరం 40 మి.మీ., 108 మి.మీ. స్కీలో 54. చూడటానికి 14 మిల్లీమీటర్లే అయినా, చీలమండ మోయవలసిన మెలిక మూడో వంతుకు పైగా పెరిగినట్టే. బూటు అడుగు ముందువైపు సుమారు 70 మి.మీ. మాత్రమే ఉంటుంది కాబట్టి, వెడల్పైన స్కీ అంచు బూటును దాటి బయటికి వచ్చి, అడుగు మోపిన ప్రతిసారీ స్కీ వాలుకు సమంగా పడుకొని లోయవైపు జారాలని చూస్తుంది. ముందు వెళ్లినవారు సన్నని స్కీలతో వేసిన బాట గడ్డకట్టి ఉంటే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఒక అంచు గాడిలోనూ మరొకటి గట్టు మీదా పడి, స్కీ ఎటూ నిలవదు.

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. పొడిమంచులో స్కీ కాస్త సన్నదైతే దిగేటప్పుడు కొంత సుఖం తగ్గుతుంది, నాలుగు మలుపులు తక్కువ అందంగా వస్తాయి. కింద బండలున్న గట్టి వాలు మీద అంచు పట్టు తప్పితే మనిషి ఎక్కడ ఆగుతాడో చెప్పలేం. అన్ని రకాల మంచుకూ ఒకే జత ఎంచుకునేవారు తాము కలలుగనే మంచు కంటే ముందుగా, పొరపాటు జరిగితే దిద్దుకునే వ్యవధి ఇవ్వని మంచును తలచుకోవాలి. ప్రకటనల ఫొటోల్లో మంచు ఎప్పుడూ ఛాతీదాకా ఎగసిపడుతూనే ఉంటుంది గనుక ఈ ఆలోచన కొనేవారికి తట్టకపోవడంలో వింత లేదు.

బరువు సంగతి అందరూ చెప్పేదే కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. ఒకే తరహా నిర్మాణంలో వెడల్పు 10 మి.మీ. పెరిగితే ఒక్కో స్కీ సుమారు 100 నుంచి 200 గ్రాములు పెరుగుతుంది, దానికి తగ్గట్టు స్కిన్ కూడా బరువెక్కుతుంది. ఎక్కేటప్పుడు స్కీని ఎత్తకుండా జరుపుతూ వెళతాం కాబట్టి ఆ బరువు ప్రతి అడుగులోనూ పూర్తిగా తెలియదు. నిట్టనిలువు వాలులో దిశ మార్చుకోవడానికి కిక్ టర్న్ చేస్తూ, ఒక కాలి మీద నిలబడి రెండో స్కీని గాలిలో తిప్పవలసివచ్చినప్పుడు మాత్రం ప్రతి గ్రామూ తెలుస్తుంది. పైగా కిలో చిల్లర బరువుండే తేలికపాటి టూరింగ్ బూటు, 110 మి.మీ. స్కీని గతుకుల మంచులో అదుపులో పెట్టగలిగేంత బిగువైనది సాధారణంగా కాదు. స్కీ మారితే బూటు కూడా మార్చుకోవలసివస్తుందని మీ వ్యాసం హెచ్చరించి ఉంటే బాగుండేది.

నన్నడిగితే, ఒక్క జతతో సరిపెట్టుకోవాలనుకునే సగటు బరువున్నవారు 90 నుంచి 98 మి.మీ. మధ్యలో వెతకడం మేలు. ఫ్రాన్స్‌లోని షామొని నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ వరకు సాగే హాట్ రూట్ వంటి వసంతకాలపు హిమానీనద యాత్రలే ప్రధానమైతే 85 నుంచి 90 వైపు, తేలికైన నిర్మాణం వైపు మొగ్గవచ్చు. జపాన్‌లోని హొక్కైడో దీవిలో నడిశీతాకాలంలో చెట్ల మధ్య దిగేవారికి 105, ఆపైన కూడా న్యాయమే. అక్కడ పొడిమంచు తరచూ, లోతుగా పడుతుంది. భారీగా మంచు పడిన వెంటనే 30 డిగ్రీలకు మించిన వాలుల్లో మంచుచరియలు విరిగిపడే ముప్పు ఎక్కువ గనుక వివేకం గలవారు తక్కువ వాలులకే పరిమితమవుతారు, ఆ తక్కువ వాలులో ఆగిపోకుండా సాగడానికి వెడల్పు నిజంగా ఉపయోగపడుతుందని కూడా ఒప్పుకోవాలి. కాని అటువంటి రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయన్నది ఎవరికి వారు నిజాయితీగా లెక్కవేసుకోవలసిన విషయం.

ఇదే శీర్షికలో మరో వ్యాసం వేసేటట్లయితే స్కీ క్రాంపాన్ల గురించి తప్పక రాయించండి. బూటు కింద అమరి గట్టి మంచులో పళ్లు దించే ఈ పరికరాలను నడుము వెడల్పును బట్టి 90, 100, 110 వంటి కొలతల్లో అమ్ముతారు. స్కీ కంటే క్రాంపాన్ సన్నదైతే అసలు దిగదు; మరీ వెడల్పైనదైతే పళ్లు అంచుకు దూరంగా నిలిచి, బరువు పడినప్పుడు అటూ ఇటూ ఊగుతాయి. కొత్త జత వెడల్పు మారినప్పుడు పాత క్రాంపాన్లు, పాత స్కిన్లు, బూటును స్కీకి బిగించే బైండింగ్‌ల బ్రేకులు పనికిరాకుండా పోవచ్చు. వాటిలో ఏవి మిగులుతాయో చూసుకున్నాకే వెడల్పు ఖాయం చేసుకోమని కొత్తవారికి మీ పత్రిక చెప్పగలిగితే సంతోషిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు