కెప్టెన్ మేడమ్‌కి, పది నిమిషాలు ఆలస్యం చేసినందుకు

పోయిన జులైలో ముంబై నుంచి శంషాబాద్ వచ్చిన సాయంత్రం విమానం నడిపింది మీరే. పేరు అనౌన్స్‌మెంట్‌లో సరిగా వినపడలేదు, అందుకే ఇలా రాస్తున్నాను.

పడమర నుంచి వచ్చేవాళ్లకి రన్‌వే పడమటి కొసన, అంటే 09 అని నంబరున్న వైపు, నేరుగా దిగిపోవడం దగ్గరి దారి. మీరు మాత్రం గాలి తిరిగి పడమటి నుంచి వీస్తోంది, అవతలి కొస 27 మీద దిగుతాం, ఇంకో పది నిమిషాలు పడుతుంది అని చెప్పారు. ముందు సీటాయన "ఇంధనం దండగ, టైమూ దండగ" అని గొణిగాడు. నిజం చెప్పొద్దూ, నేనూ వాచీ చూసుకున్నాను.

ఇంటికొచ్చాక చదివితే అర్థమైంది. ఆ గాలిలో 09 మీద దిగితే అది విమానాన్ని వెనకనుంచి తోస్తుంది. అలా వెనకగాలి ఉంటే నేలని తాకేటప్పుడు వేగం ఎక్కువ, ఆగడానికి దూరమూ ఎక్కువ. చాలా విమానాలకి దాని హద్దు 10 నుంచి 15 నాట్లే (గంటకి సుమారు 18 నుంచి 28 కిలోమీటర్లు). పైగా ఆ రోజు రన్‌వే తడిగా ఉంది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వానలో, వెనకగాలితో దిగిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 21 మంది పోయారు. శంషాబాద్ రన్‌వే 4 కిలోమీటర్ల పైనే, బహుశా ఎటు దిగినా ఆగేదేమో. ఆ "బహుశా" మీద మీరు ఆధారపడలేదు.

మా అమ్మ నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు డబ్బాలోంచి సున్నుండ తీసి మీకివ్వబోతే, "డ్యూటీలో ఉన్నానమ్మా" అని నవ్వి, ఆవిడ మెట్లు దిగేదాకా బ్యాగు పట్టుకున్నారు. థాంక్స్ మేడమ్. సున్నుండ ఇప్పటికీ మీకు బాకీయే అంటోంది అమ్మ.