పాత ఆర్డర్ల పీడ వదిలించిన శ్రీకాకుళం తమ్ముడికి

మా విజయనగరం అట్టపెట్టెల యూనిట్ తరఫున ఒక తమ్ముడికి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పుకోవాలని ఈ పోస్టు. ఊరు శ్రీకాకుళం. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. మన జిల్లాల్లో ఈఆర్‌పీనెక్స్ట్ (ఆర్డర్లు, సరుకు, లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్) వాడే చిన్న యూనిట్లవాళ్లకి పనికొస్తుందని చేసిన సాయం కాస్త వివరంగానే చెబుతున్నాను.

మాది కరుగేటెడ్ కార్టన్ల పని. పలాస జీడిపప్పు వ్యాపారులు, పైడిభీమవరం వైపు మందుల కంపెనీలకు సరుకు వేసేవాళ్లు, స్వీట్ల షాపులవాళ్లు మా పార్టీలు. కాగితం రేటు పెరుగుతుందని అనుమానం వస్తే చాలు, పార్టీ ఒకేసారి 10,000 పెట్టెలకి ఆర్డరిచ్చి రేటు ఖాయం చేసుకుంటుంది. సరుకు మాత్రం లాట్లుగా ఎత్తుతుంది. ఇప్పుడొక 3,000, తర్వాత ఇంకో 3,000. ఆ పైన పెట్టె మీద డిజైను మారుతుంది, లేదా కొలత మారుతుంది, లేదా చప్పుడు చెయ్యకుండా ఇంకో సప్లయర్ దగ్గరికి పోతారు. ఆర్డర్ క్యాన్సిల్ అని ఫోన్ చేసి చెప్పేవాళ్లు అరుదు, మొహమాటం. మనమూ గట్టిగా అడగం, అదీ మొహమాటమే. మిగిలిన 4,000 సిస్టంలో పెండింగ్ అని అలాగే కూర్చుంటుంది.

ఏం తయారు చెయ్యాలో, దానికి ఏం కొనాలో లెక్క తీసే ప్రొడక్షన్ ప్లాన్ తెరిచి 'గెట్ సేల్స్ ఆర్డర్స్' నొక్కగానే ఇవన్నీ వరసగా లేచి వచ్చేవి. సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు. సబ్మిట్ చేసిన ఆర్డరు, దానికి బీవోఎమ్ (పెట్టెకి ఏ సరుకు ఎంత పడుతుందో రాసిన పట్టీ) ఉంది, ఇంకా వర్క్ ఆర్డర్ (తయారు చెయ్యమనే ఆర్డరు) పడని పెట్టెలున్నాయి, కాబట్టి దాని లెక్కలో అది చెయ్యాల్సిన పనే. ఆ 4,000కి ఎంత క్రాఫ్ట్ పేపరు, ఎంత గమ్ము, ఎంత స్టిచింగ్ వైరు కొనాలో కూడా చిట్టా తీసిచ్చేది. అందులో ఒక స్వీటు షాపు ఆర్డరుంది, దాని ప్రింటింగ్ రబ్బరు బ్లాకుని గోడౌన్లో ఎలకలు ఎప్పుడో కొరికేశాయి. ప్లాను మాత్రం ప్రతిసారీ ఆ పెట్టెలకి 5 ప్లై (ఐదు పొరల) షీటు వెయ్యమంటుంది!

మామూలు రోజుల్లో అయితే చేత్తో ఒక్కో వరస తీసేసుకుని సర్దుకుపోయేవాళ్లం. దసరా ముందు ఆ పప్పులు ఉడకవు. దీపావళి సరుకు తొందర ఒకవైపు, సిరిమాను పండగకి కుర్రాళ్ల సెలవులు ఇంకోవైపు. అప్పుడు మిషను మీద ఏ సైజు ముందు ఎక్కించాలో ప్లాను చూసే చెప్పాలి.

అంతకు ముందు మాకు దొరికిన సలహా తేదీ ఫిల్టరు. ఫలానా తేదీకి ముందు ఆర్డర్లు రాకుండా పెట్టుకోండి, అయిపోయింది అన్నారు. ప్లాను శుభ్రంగానే కనిపించింది. తమ్ముడు వచ్చి చూసి నవ్వాడు. "దాచేస్తే ఆర్డరు సచ్చిపోదు అన్నా. రిజర్వ్‌డ్‌లో బతికే ఉంటాది" అని స్టాక్ ప్రొజెక్టెడ్ క్వాంటిటీ రిపోర్టు తెరిచాడు. ఆ పాత 4,000 అక్కడ మైనస్‌లో ఉంది. చేతిలో ఉన్న సరుకూ రావాల్సిన సరుకూ కలిపి, అందులోంచి ఇవ్వాల్సి ఉన్న ఆర్డర్ల సరుకుని (అదే రిజర్వ్‌డ్) తీసేసి చూపించే అంకె అది. కొన్ని ప్లెయిన్ పెట్టెలకి మేం రీఆర్డర్ లెవెల్ (సరుకు ఇంతకన్నా తగ్గితే మళ్లీ తెప్పించాలనే హద్దు) పెట్టుకున్నాం. ఆటో రీఆర్డర్ చూసేదీ ఈ అంకెనే. అంటే ముందు గుమ్మంలో ఆపిన ఆర్డరు పెరటి గుమ్మంలోంచి మెటీరియల్ రిక్వెస్టుగా (సరుకు కావాలనే చీటీగా) మళ్లీ లోపలికొస్తోంది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ప్లానులో కాదు, సేల్స్ ఆర్డర్‌లోనే తేల్చాలన్నాడు. ఇక రాదని ఖాయమైన ఆర్డరుని స్టేటస్‌లోకి వెళ్లి క్లోజ్ చెయ్యడమే. క్లోజ్ చేసిన ఆర్డరుని ప్లాను ఎత్తుకోదు, రిజర్వ్‌డ్ కూడా విడిపోతుంది. పార్టీ మనసు మారి తిరిగొస్తే రీఓపెన్ చేసుకోవచ్చు. క్లోజ్ మొత్తం ఆర్డరుకి పడుతుంది. ఒకే ఆర్డరులో నాలుగు సైజులుండి ఒక్క సైజే పోతే 'అప్‌డేట్ ఐటమ్స్'లో ఆ సైజు పరిమాణాన్ని, అప్పటికి పంపినంత వరకు తగ్గించాలి. అంతకన్నా తగ్గిస్తే ఒప్పుకోదు.

బటన్లు ఎవరైనా చూపిస్తారు. నేను ఎక్కువ మెచ్చుకునేది ఆ తర్వాత అతను పట్టిన పట్టు. జాబితా తీశాక మేం గబగబా క్లోజ్ చేసేద్దామంటే ఒప్పుకోలేదు. "అడక్కుండా ముయ్యకూడదన్నా" అని మా సేల్స్ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టి ఒక్కో పార్టీకి ఫోన్ చేయించాడు. చాలామంది "అయ్యో, అది ఇంకా ఉందేటి?" అన్నారు. పలాస పార్టీ ఒకాయన మాత్రం, "బాబూ, ఆ మిగతా 2,000 ఎప్పుడు పంపుతారా అని సూస్తన్నాం" అన్నాడు. తేదీ ఫిల్టరు దాచేసిన ఆర్డర్లలో అదొకటి. ఆ ఫోన్ చెయ్యకపోతే పండగ సీజన్లో మంచి పార్టీ పోయేది.

అడ్వాన్సులిచ్చిన పార్టీలు ఎవరో అకౌంట్స్ అమ్మాయి ముందే తీసి పెట్టింది. ఆర్డరు క్లోజ్ చేసినంత మాత్రాన అడ్వాన్సు వెనక్కి పోదు, దాన్ని విడిగా తేల్చాలి. ఆమెకీ థ్యాంక్స్. గోడౌన్లో రీళ్లు మళ్లీ తూకం వేయించి, జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు) వారీగా విడదీసి రాసిచ్చిన మా స్టోర్స్ బాబాయికి కూడా.

ఇప్పుడు ప్లాను తీస్తే ఎక్కించాల్సిన పనే కనిపిస్తోంది. కొనాల్సిన కాగితం చిట్టా చూసి మా ఓనరు గారు రెండోసారి అడగలేదు, ఆయన అడగకపోవడం అంటే మా యూనిట్లో పెద్ద విషయం.

ఫీజు ఎంతంటే తమ్ముడు టీ తాగించమన్నాడు, అంతే. వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. రేటు ఖాయం చేసుకునే పెద్ద ఆర్డర్లని అసలు సేల్స్ ఆర్డర్‌గా ఎక్కించకుండా బ్లాంకెట్ ఆర్డర్‌గా (రేటు, మొత్తం పరిమాణం ఒప్పుకుని రాసుకునేది) పెట్టి, పార్టీ లాటు అడిగినప్పుడే అంతవరకు సేల్స్ ఆర్డరు కొట్టమని. ప్లాను బ్లాంకెట్ ఆర్డర్‌ని ముట్టుకోదు కాబట్టి ఈ గొడవే పుట్టదు. కొత్త పార్టీలకి అలాగే ఎక్కిస్తున్నాం. పాత పార్టీలవి దీపావళి అయ్యాక మారుస్తాం. అప్పుడు మళ్లీ ఫోన్ చేస్తాను తమ్ముడూ, విసుక్కోకు.