ఉపాధ్యాయులైన పూర్వ విద్యార్థులకు ప్రయాణ గ్రాంటు ఇవ్వాలి

సంపాదకులు గారికి,

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం శతాబ్ది సందర్భంగా, విశాఖలోని కళాశాలల పూర్వ విద్యార్థి సంఘాలకు ఒక సూచన చేయదలిచాను. విరాళాలు సాధారణంగా భవనాలకూ, ముఖద్వారాలకూ, బంగారు పతకాలకూ వెళ్తుంటాయి. వాటిలో కొంత భాగాన్ని, ఇక్కడే చదువుకుని ఆనందపురం, పద్మనాభం, పాడేరు వైపు ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెబుతున్న వారు విదేశీ తరగతి గదులను చూసి రావడానికి ప్రయాణ గ్రాంటుగా కేటాయించాలి.

ఇలాంటి సాయం అసలు లేదని కాదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, పరిశోధకులు విదేశాలకు వెళ్లిరావడానికి సాయం చేసేందుకు 1946లో అమెరికాలో మొదలైన ఫుల్‌బ్రైట్ కార్యక్రమం 1950 ఒప్పందంతో మన దేశానికి వచ్చింది. ఇప్పుడు ఫుల్‌బ్రైట్-నెహ్రూ పేరుతో రెండు ప్రభుత్వాలూ ఖర్చు పంచుకుంటున్నాయి. అయితే దానికి దేశవ్యాప్తంగా పోటీ ఉంటుంది. పరిశోధకులకిచ్చే ప్రయాణ గ్రాంట్లేమో సదస్సులో పత్రం సమర్పించేవారికే గాని, ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పేవారికి అందవు.

అసలు చిక్కు డబ్బు చేతికందే తీరులో ఉంది. ముందు సొంతంగా ఖర్చు పెట్టుకుని, తిరిగొచ్చాక టికెట్టు, బోర్డింగ్ పాసు జతచేసి బిల్లు పెట్టుకోమంటే, జీతంలోంచి ఇంటి అప్పు వాయిదా, పిల్లల ఫీజులు కట్టుకునే టీచరు పీఎఫ్ లోనుకు దరఖాస్తు చేయాల్సిందే. కాబట్టి గ్రాంటులో ఎక్కువ భాగం ముందుగానే ఇవ్వాలి. అమెరికా వీసా ఇంటర్వ్యూకు హైదరాబాదు వెళ్లిరావడానికయ్యే ఖర్చు కూడా అందులో చేర్చాలి. సెలవు సంగతీ చూడాలి. మన వేసవి సెలవుల్లో సగం గడిచేసరికి అక్కడి బడులు కూడా మూతపడటం మొదలవుతుంది గనుక, విద్యాశాఖ నిరభ్యంతర పత్రంతో పాటు ఆన్‌డ్యూటీ సౌకర్యం ఇస్తే తప్ప ఈ ప్రయాణం విహారయాత్రగానే మిగులుతుంది. నయాగరా ముందు ఫొటోలకు ఎవరూ విరాళం ఇవ్వనక్కర్లేదు.

విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు డబ్బు పంపడంతో ఆగకుండా, తమ పిల్లలు చదివే బడిలో రెండు వారాలు తరగతులు గమనించేందుకు అనుమతి ఇప్పించి, తమ ఇంట్లోనే బస, భోజనం ఏర్పాటు చేస్తే ఖర్చు చాలావరకు తగ్గుతుంది. వెళ్లొచ్చినవారిని నివేదిక అడగడం కన్నా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో తోటి ఉపాధ్యాయుల ఎదుట పాఠం చెప్పి చూపమనడం మేలు. తొలి ఏడాది ఇద్దరిని పంపినా చాలు, ఆ ఇద్దరిలో ఒకరు ఏజెన్సీ బడిలో పనిచేస్తున్నవారై ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం