లైసెన్స్ అక్కర్లేదని రాశారు, ఎంతవరకో రాయలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో కోతుల బెడద మీద వచ్చిన కథనం రెండుసార్లు చదివాను. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల మక్క, ఇంటి వెనక పది పన్నెండు మామిడి చెట్లు ఉన్నాయి కాబట్టి కోతుల గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, పొద్దున రేకుల మీద వాటి పరుగే మాకు అలారం. రైతుల బాధ బాగానే రాశారు. నా గొడవంతా ఒక్క వాక్యంతోనే. "ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అవసరం లేకపోవడంతో రైతులు వీటిని కొనుక్కుంటున్నారు" అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేశారు. అసలు సంగతి ఆ ఫుల్‌స్టాప్ తర్వాతే ఉంది.

2016లో వచ్చిన ఆయుధ నిబంధనల ప్రకారం ఎయిర్‌గన్ లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉండాలంటే రెండు షరతులున్నాయి. బ్యారెల్ బోరు, అంటే గొట్టం లోపలి రంధ్రం వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, దుకాణాల్లో అంగుళాల లెక్కన పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అంటారే, అదే. బ్యారెల్ మూతి దగ్గర పెల్లెట్‌కు, అంటే అందులో వేసే చిన్న సీసం గుండుకు, ఉండే శక్తి 20 జౌల్స్ దాటకూడదు. రెంటిలో ఏది దాటినా లైసెన్స్ కావాలి. పాయింట్ టూ టూ బోరుది ఎంత నీరసంగా కాల్చినా సరే, బోరు పెద్దది కాబట్టి లైసెన్స్ లిస్టులోకే వెళ్తుంది. "అదీ గాలి తుపాకే కదా" అంటే పోలీస్ స్టేషన్‌లో ఎవరూ వినరు.

బోరు సంగతి సరే, డబ్బా మీద రాసి ఉంటుంది. ఈ జౌల్స్ లెక్కే ఎవరికీ పట్టదు, ఎందుకంటే డబ్బా మీద జౌల్స్ కాదు, వేగం రాస్తారు, అదీ పెద్ద అక్షరాల్లో. సెకనుకు వెయ్యి అడుగులు అని చూడగానే కొనేవాడి కళ్లు మెరుస్తాయి. లెక్క చాలా సులువు, బళ్లో ఫిజిక్స్‌లో చదువుకున్నదే: కిలోల్లో వేసిన బరువులో సగాన్ని, సెకనుకు ఇన్ని మీటర్లన్న వేగంతో రెండుసార్లు గుణించాలి, అంతే. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. 0.35 గ్రాముల తేలిక పెల్లెట్ ఆ వేగంతో పోతే 16 జౌల్స్ చిల్లర. మామూలుగా మనకు దొరికే అర గ్రాము సీసం పెల్లెట్ కూడా అదే వేగంతో పోయిందనుకోండి, 23 దాటుతుంది. అందుకే డబ్బా మీది వేగం చూసి ఇది చట్టం లోపలిదో బయటిదో చెప్పలేం, ఏ బరువు పెల్లెట్‌తో కొలిచారో కూడా చూడాలి. అర గ్రాము పెల్లెట్‌కైతే గీత సెకనుకు 283 మీటర్ల దగ్గర ఉంటుంది, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

నాది దేశంలో తయారైన స్ప్రింగు రైఫిలే. హైదరాబాద్‌లో షూటింగ్ నేర్చుకుంటున్న మా మేనల్లుడి దగ్గర క్రోనోగ్రాఫ్ ఉంది, బ్యారెల్ ముందు పెట్టి కాలిస్తే వేగం చూపించే చిన్న పెట్టె. పది పెల్లెట్లు కాల్చి చూశాం. 0.52 గ్రాముల పెల్లెట్ 230 మీటర్లకు అటూ ఇటూగా పోయింది, అంటే పద్నాలుగు జౌల్స్‌కు కాస్త తక్కువ. "ఇంతేనా మామా!" అన్నాడు వాడు. అంతే ఉండాలిరా అన్నాను, కానీ అంతకు రెండేళ్ల ముందు నాకే ఆ బుద్ధి లేదు, అది చెప్పుకోవాలి.

రైఫిల్ కొన్న కొత్తలో కాక్ చేసినప్పుడల్లా, అంటే బ్యారెల్‌ను కీలు దగ్గర కిందికి విరిచి లోపలి స్ప్రింగును బిగించినప్పుడల్లా, కీచుమని చప్పుడు వచ్చేది. ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంది కదా అని బ్యారెల్ విరిచి, లోపలికి గాలి వచ్చే చిన్న రంధ్రంలో ఐదారు చుక్కలు వేశాను. తర్వాత కాలిస్తే ఢామ్మని మోత, బ్యారెల్ మూతి నుంచి నీలం పొగ, కిరోసిన్ స్టవ్ ఆర్పినట్టు వాసన. అట్టపెట్టె వెనక పెట్టిన చెక్కలోకి పెల్లెట్ ఎప్పటికంటే లోతుగా దిగింది. నాకు భలే ఖుషీ! పవర్ పెరిగిందనుకుని వారం రోజులు అదే పని చేశాను. జరిగిందేమిటంటే, స్ప్రింగు తోసిన పిస్టన్ ఒక్కసారిగా గాలిని నొక్కేసరికి వేడి పుట్టి, ఆ వేడికి నూనె ఆవిరి అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్ నడిచేది ఇలాగే. ఆ దెబ్బకు పిస్టన్ వెనక్కి తన్నుతుంది, స్ప్రింగు వంకర పోతుంది, ముందున్న వాషర్ కాలిపోతుంది. నా స్ప్రింగు రెండు ముక్కలైంది. కాలుతున్నప్పుడు మాత్రం పెల్లెట్ వేగం ఎంతకు పోతుందో ఎవరికీ లెక్క ఉండదు, కంపెనీ వాడు చట్టం లోపల తయారు చేసి ఇచ్చినదాన్ని మనం కుట్టుమిషన్ నూనెతో గీత దాటించేస్తాం.

విరిగిన స్ప్రింగు పట్టుకుని టౌనుకు పోతే అక్కడ రిపేర్ చేసేవాడు నన్ను ఎగాదిగా చూసి, "గిదే సైజు ఎందుకన్నా, గట్టిది ఏస్త, రేకు డబ్బా ఇవతలికెల్లి అవతలికి పోతది" అన్నాడు. ఎక్కువ అడిగింది మూడొందలే. ఊళ్లో తుపాకుల పవర్ పెరిగేది ఇలాగే, లైసెన్స్ ఆఫీసుకు తెలియకుండా, మూడొందలకు. వేగాన్ని రెండుసార్లు గుణించాలని చెప్పాను కదా, తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి. అర గ్రాము పెల్లెట్‌ను 260 మీటర్లతో కొట్టే రైఫిల్ గట్టి స్ప్రింగుతో 286కి వెళ్లిందనుకోండి, పెరిగింది పది శాతం వేగమే, కానీ 17 జౌల్స్ కాస్తా 20 దాటిపోతుంది. అప్పటిదాకా మీ మూలన పడి ఉన్న వస్తువు ఆ సాయంత్రం నుంచి లైసెన్స్ లేని ఆయుధం. బిల్లు చూపించినా లాభం లేదు, బిల్లు పాత స్ప్రింగుకు.

పోనీ పవర్ పెరిగితే గురి కుదురుతుందా అంటే అదీ లేదు. గట్టి స్ప్రింగు రైఫిల్‌ను ఎక్కువ కుదుపుతుంది, అదీ పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టినా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చినా, అది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. ఆ పోటీ రైఫిళ్ల శక్తి ఏడెనిమిది జౌల్స్, మన చట్టం ఇచ్చినదాంట్లో సగం కూడా కాదు. వాళ్లు కొట్టాల్సిన పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. మా ఊళ్లో ఇరవై అడుగుల నుంచి కొబ్బరి బోండాం కొట్టలేనివాడే పవర్ చాలట్లేదని ఏడుస్తాడు.

ఇక రైఫిల్ చూసుకోవడం గురించి నాకు తెలిసింది రాస్తాను, మీరు వేస్తే నలుగురికి పనికొస్తుంది. పెల్లెట్ లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కకూడదు. పెల్లెట్ అడ్డు ఉంటేనే గాలి కాసేపు దిండులా ఆగి పిస్టన్‌ను ఆపుతుంది, లేకపోతే ఇనుము పోయి ఇనుముకు కొట్టుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు చేసే మొదటి పని మాత్రం అదే. కాక్ చేసి గంటలకొద్దీ గోడకు ఆనించి ఉంచితే స్ప్రింగు బలం తగ్గుతుంది, దానికంటే ముందు ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. విరిచిన బ్యారెల్‌ను పెల్లెట్ పెట్టేంతసేపు ఒక చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి, కొక్కెం జారితే అది ఎగిరి మూసుకునేది బొటనవేలి మీదే. రైఫిల్ బ్యారెల్‌ను రోజూ తోమక్కర్లేదు, సీసం మెత్తన కదా, గురి తేడా కొట్టినప్పుడు వెనక వైపు నుంచి గుడ్డ పీలిక లాగితే చాలు, ఇనుప చువ్వలు, ఇత్తడి బ్రష్షులు వద్దు. బయట మాత్రం ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి, చేతి చెమట పడ్డచోట వానాకాలంలో రెండు రోజులకే వేలిముద్రలా తుప్పు లేస్తుంది. చెక్కకు బిగించిన స్క్రూలు వదులవుతాయి, నెల రోజులు గురి కుదరక కళ్లజోడు మార్చిన మనిషిని నేను, చూస్తే స్క్రూ! గాలి లీకవుతోందా అని అనుమానం వస్తే బ్యారెల్ కీలు దగ్గర చిన్న టిష్యూ ముక్క పెట్టి, పెల్లెట్ వేసి కాల్చి చూడండి, ముక్క ఎగిరితే అక్కడి రబ్బరు రింగు పోయినట్టే. వాషర్ తోలుదైన పాత తుపాకులకు లోపల కాస్త నూనె తడి కావాలి, కొత్తవాటికి అక్కర్లేదు, కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో ఏముందో అదే చేయండి. స్ప్రింగు మార్చడం ఇంట్లో పెట్టుకోవద్దు, నొక్కి బిగించే సాధనం లేకుండా విప్పితే అది మొహం మీదికే వస్తుంది. పెల్లెట్లు సీసం, కాల్చాక చేతులు కడుక్కునే అన్నానికి కూర్చోవాలి.

మా వాళ్లు వీటిని ఆటబొమ్మల కింద ఎందుకు చూస్తారంటే జాతరలే కారణం అనుకుంటాను. బెలూన్లు కొట్టే తుపాకీ చూసి పెరిగాం అందరం, దాని స్ప్రింగు మనకంటే ముందే ముసలిదైపోయి ఉంటుంది. చట్టం లోపలి 14 జౌల్స్ కూడా కన్ను తీసేయడానికి బాగా ఎక్కువ, గురి తప్పిన పెల్లెట్ రెండు వందల మీటర్లు దాటి పోగలదు. గ్లాస్గోలో చదువుకుంటున్న మా ఊరి కుర్రాడు చెప్పాడు, అక్కడ 16 జౌల్స్ చిల్లర లోపు రైఫిల్ అయినా 2016 చివరి రోజు నుంచి పోలీసుల సర్టిఫికెట్ ఉండాల్సిందేనట. మన దగ్గర అలా లేదు, మంచిదే, నేనేమీ లైసెన్స్ పెట్టమని అడగట్లేదు, కాగితాల కోసం రైతును మళ్లీ ఆఫీసుల చుట్టూ తిప్పడం నాకిష్టం లేదు.

కోతుల మాటకు వస్తే, లైసెన్స్ అక్కర్లేదంటే దేన్నైనా కొట్టొచ్చని కాదు. కోతిని గాయపరిస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది, మామిడి మీద వాలే చిలకను కొడితే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. మా వీధిలో ఒక ఆడకోతి తొడలో పెల్లెట్ ఉండిపోయి, చీము పట్టి, పిల్లను పొట్టకు హత్తుకుని మూడు కాళ్లతో తిరిగింది వానలంతా. దాన్ని కొట్టినవాడే మంగళవారం కొండగట్టుకు పోయి అంజన్న కోతులకు అరటిపళ్లు పెట్టి వచ్చాడు. చెప్పొద్దూ, కోతికి కాల్చక్కర్లేదు కూడా. కట్టె కాదు, తుపాకీ అని గుర్తుపడుతుంది, భుజానికి ఎత్తుకుంటే చాలు, మంద మొత్తం చింతచెట్టు దిగి పక్కవాడి చేన్లోకి పోతుంది. పక్కవాడు మళ్లీ మా చేన్లోకి తోలతాడు, అది వేరే కథ.

మీరు మళ్లీ ఈ విషయం రాస్తే లైసెన్స్ అక్కర్లేదన్న మాట పక్కనే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ అని వేయండి, స్ప్రింగు మార్పిస్తే లెక్క మారుతుందని కూడా వేయండి. రెండు లైన్లు పట్టదు.

ఇంకొకటి. ఆ కథనానికి పెట్టిన ఫొటోలో రైతన్న తుపాకీ భుజాన పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద ఉంచి, బ్యారెల్ సరిగ్గా కెమెరా వైపు తిప్పి నవ్వుతున్నాడు. ఈసారి మీ ఫొటోగ్రాఫర్‌ను కాస్త పక్కకు నిలబడి తీయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు, జగిత్యాల జిల్లా