వార్షిక నివేదిక 2024–25: కార్యదర్శి సమర్పణ

సభ్యులందరికీ నమస్కారం.

నిబంధనల ప్రకారం ఈ నివేదిక సర్వసభ్య సమావేశానికి వారం ముందే మీ చేతికి రావాలి. మూడు రోజుల ముందు ఇస్తున్నాను, మన్నించండి. రాసేదీ నేనే, జిరాక్స్ తీయించేదీ నేనే, ఇంటింటికీ ఇచ్చేదీ నేనే.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఏడాది కూడా మన పనంతా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతోనే. పట్టుచీరల నేతే బతుకైన మన ధర్మవరంలో ఆ వయసు పిల్లల సంగతి మీకు తెలిసిందే. బడి నుంచి రాగానే దారం కండెలు చుట్టాలి, అమ్మకు దారం పోసే ఆసు దగ్గర సాయం చేయాలి. ఎనిమిదో తరగతి దాటితే చాలా ఇళ్లలో మగపిల్లవాడు మగ్గం గుంతలోకి దిగుతాడు, ఆడపిల్ల గడప దాటడం తగ్గుతుంది. ఆలోపే వాళ్లకు ఏదో ఒకటి నేర్పాలన్నదే మన తాపత్రయం.

చిత్రలేఖనం తరగతి జూలైలో మొదలైంది. సెప్టెంబరులో మాస్టారికి బదిలీ కావడంతో ఆగింది. కోలాటం దసరా వరకు బాగానే సాగింది. చెక్కభజన నేర్పేవాళ్లు దొరకలేదు.

తోలుబొమ్మలాట గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, అనుమతించండి. ఆ బొమ్మలకు పేరున్న నిమ్మలకుంట మన మండలంలోనే ఉంది. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా సంబరపడి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టుకున్నాం. కానీ రాత్రిపూట తెర మీద బొమ్మ ఆడటం ఎవరైనా చూశారా అని మన పిల్లల్ని అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. వాళ్ల తప్పు కాదు. ఆడించేవాళ్లకే ఆటలు తగ్గిపోయి, లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. ఆ కళాకారుల్లో ఒక పెద్దాయన ఆదివారాలు వచ్చి నేర్పడానికి ఒప్పుకున్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మొదటి నెలంతా ఆయన పిల్లల్ని తోలు ముట్టనివ్వలేదు. దళసరి డ్రాయింగ్ షీట్ల మీదే గీయించారు, కత్తిరింపజేశారు. మేకతోలు ఖరీదైనది, ఒకచోట తప్పు తెగితే ఆ ముక్క ఇక పనికిరాదు. తర్వాత సన్న ఉలితో కన్నాలు కొట్టడం నేర్పారు. బొమ్మ నగల దగ్గర, పంచె అంచు దగ్గర వరసగా కన్నాలు కొడితే, వెనక దీపం పెట్టినప్పుడు అక్కడ వెలుగు చిమ్మి నిజంగా నగ పెట్టినట్టే ఉంటుంది. చేతులూ కాళ్లూ విడివిడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. ముడి బిగిస్తే బొమ్మ కదలదు, వదులైతే చెయ్యి ఊడి వస్తుంది. మన పిల్లలు ఎన్ని చేతులు ఊడగొట్టారో లెక్క రాయలేదు.

ఒక ఆదివారం ఏడో తరగతి అబ్బాయి వాళ్ల నాన్న కోపంగా వచ్చాడు. మగ్గం మీద చీర ఆగిపోయింది, కండెలు చుట్టేవాడు ఇక్కడ బొమ్మలాడుతున్నాడని గట్టిగానే అన్నాడు. నేను సర్దిచెప్పబోయేలోపు ఆయన చూపు ఉలి మీద పడింది. ఒకప్పుడు జాకార్డు అట్టలు, అంటే చీర డిజైను కోసం మగ్గానికి తగిలించే కన్నాల అట్టలు, కొట్టిన మనిషి. ‘ఇది మా అట్టల పనే కదన్నా’ అని చెప్పులు విడిచి కూర్చున్నాడు. హనుమంతుడి కిరీటం మొత్తం ఆయనే కొట్టాడు, వరస ఎక్కడా తప్పలేదు. కొడుకు పక్కన కూర్చుని కన్నాలు లెక్కపెట్టాడు. చీకటిపడ్డాక ఇద్దరూ ఒకే సైకిల్ మీద ఇంటికెళ్లారు. తర్వాతి వారం ఆ అబ్బాయి వాళ్లమ్మ రాట్నం పట్టుకొచ్చింది. ఆమెను చూసి ఇంకొందరు వచ్చారు. ఓ పక్క కండెలు, ఓ పక్క బొమ్మలు. తెర కుట్టింది ఆ తల్లులే.

మహాశివరాత్రి జాగారం నాడు గుడి ముందు లంకాదహనం ఆడించాం. సగం ఆట అయ్యేసరికి కరెంటు పోయింది. నాకు టెన్షన్‌తో నోట మాట రాలేదు. ఆటలో నవ్వించే జోడీ జుట్టుపోలిగాడు, బంగారక్క. తెర వెనక జుట్టుపోలిగాడికి గొంతిస్తున్న పిల్లవాడు మాత్రం ఆపలేదు. ‘బంగారక్కా, కరెంటు బిల్లు కట్టలేదా?’ అన్నాడు. బంగారక్కకు మాట్లాడే ఆరో తరగతి పాప, ‘నీ జుట్టుకు నూనె కొనేదానికే డబ్బులు చాలకపాయె, బిల్లెక్కడ కట్టేదిరా!’ అంది. ఇది ఎవరూ రాసిచ్చింది కాదు. జనం నవ్వుతుండగానే పెద్దాయన సంచిలోంచి రెండు పెద్ద ప్రమిదలు తీసి ఆముదం పోసి వెలిగించారు. ముందే తెచ్చుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. దీపం వెలుగులో హనుమంతుడి తోక వణుకుతుంటే ముందు వరసలో పిల్లలు నిజంగానే మంట అంటుకుందని కేకలు పెట్టారు. కాసేపటికి కరెంటు వచ్చినా బల్బు వేయొద్దని జనమే అరిచారు.

ఇక చెప్పక తప్పని విషయాలు. వాలంటీర్లుగా పేరిచ్చినవాళ్లు గ్రూపులో ప్రతి మెసేజ్‌కూ బొటనవేలు చూపించారు. ఆదివారం చాపలు పరిచేందుకు మాత్రం ఎప్పుడూ అదే ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు అరవై దాటినవాళ్లు. శివరాత్రి నాడు స్టేజీ మీద ఫొటోకు నిలబడ్డవాళ్లలో చాలామందిని పిల్లలు ఆ రోజే మొదటిసారి చూశారు.

తరగతులకు గది కావాలని పెట్టిన అర్జీ ఒక కార్యాలయంలో ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతూనే ఉంది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే సాంస్కృతిక స్కాలర్‌షిప్‌కు ఇద్దరి చేత దరఖాస్తు చేయిద్దామనుకున్నాం. ఆదాయ ధ్రువపత్రం చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి ‘పోనీలే సార్, వచ్చే సంవత్సరం’ అని నన్నే ఓదార్చింది.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది, ఆడిటర్ గారు చూశారు. తోలుకూ, పెద్దాయన రాకపోకలకూ అనుకున్నదానికంటే ఎక్కువైంది. కోలాటం పద్దులో మిగిలినది ఇటు మళ్లించాం. బాకీ చందాలు కట్టేస్తే ఈ పేరా ఇంకా చిన్నదయ్యేది.

కృతజ్ఞతలు: వరండా ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, గుడి ధర్మకర్తలకు, హార్మోనియం, మద్దెల వాయించిన భజన బృందానికి, సౌండ్ బాక్సులకు బాడుగ తీసుకోని షాపాయనకు, జాగారం రాత్రి టీ అందించిన అక్కకు, తెర కుట్టిన తల్లులకు, కిరీటం కొట్టిన నాన్నకు. ఎవరినైనా మరిచిపోతే సభలో లేచి గుర్తు చేయండి, కోపగించుకోను.

వచ్చే ఏడాది వానల ముందు విరాటపర్వం ఆడిద్దామని పెద్దాయన అంటున్నారు. అది ఆడితే వానలు పడతాయని మన పల్లెల్లో నమ్మకం. మన సీమలో కాదనేవాడెవడు? దానికి ఇంకా చాలా బొమ్మలు కావాలి, ఆదివారాలు మనుషులూ కావాలి. సభ రోజు బల్ల మీద ఒక నోటుపుస్తకం పెడతాను. వచ్చే ఆదివారాల్లో ఏ రోజు వస్తారో తేదీ వేసి సంతకం చేయండి. తేదీ లేని పేరు లెక్కలోకి తీసుకోను. తెర, ప్రమిదలు మా ఇంట్లో ఉన్నాయి. తెర మీద ఆముదం మరకలు రెండు ఉతికినా పోలేదు.

కార్యదర్శి