కారు డోర్ ప్యాడ్‌ను మ్యాగ్నెట్లకు వదిలేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

కారు డోర్ లోపలి ప్యాడ్ ఊడితే దాన్ని రేకుకు పట్టి ఉంచే క్లిప్పుల కోసం తిరగక్కర్లేదు, బలమైన మ్యాగ్నెట్లు అంటించుకుంటే చాలని మొన్న ఆదివారం మీ వాహనాల పేజీలో ఒక చిట్కా వేశారు. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని మరీ మా షాపుకొస్తున్నారు జనం. "అన్నా, క్లిప్పులెందుకు, నాలుగు మ్యాగ్నెట్లు పడేస్తే పోద్దిగా" అంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న హయాం నుంచీ కార్ల సీట్లు, డోర్ ప్యాడ్లు కుట్టి బిగించడమే మా పని. ఈ చిట్కా నమ్మి ఎవరైనా దెబ్బ తినకముందే చెప్పాలని రాస్తున్నాను.

ఆ మ్యాగ్నెట్లలో బలం లేదని నేననను. నియోడైమియం అనే లోహం కలిపిన ఈ మ్యాగ్నెట్‌ను 1980లలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరికి వారుగా తయారుచేశారు. ఇవాళ చాలా ఎలక్ట్రిక్ కార్ల మోటార్లలో తిరిగేది అదే. రూపాయి బిళ్లంత ముక్క బీరువాకు అతుక్కుంటే గోటితో ఊడదీయలేం. అయితే పెట్టె మీద ఐదు కిలోలు ఆపుతుందని రాశారంటే, అది మందపాటి ఇనుప దిమ్మకు నేరుగా ఆనించి ఎదురుగా లాగినప్పటి లెక్క. డోర్ లోపలి రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, పైన రంగు పూత. పైగా ప్యాడ్ బరువు ఎదురుగా లాగదు, కిందికి జారుతుంది. జారకుండా ఆపేది రాపిడి ఒక్కటే కాబట్టి, ఐదు కిలోల మ్యాగ్నెట్ అక్కడ ఒక కిలో ఆపితే గొప్ప.

ఎండలో మ్యాగ్నెట్ శక్తి పోతుందేమోనని కొందరు అడుగుతున్నారు. మామూలు రకానికి 80 డిగ్రీలు దాటితేనే ఆ భయం, డోర్ అంత వేడెక్కదు లెండి. ముందు వదిలేసేది జిగురు. ఇప్పటి కార్ల ప్యాడ్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. దానికి మామూలు జిగురేదీ సరిగా పట్టదు. మే నెల బెజవాడ ఎండలో నాలుగు గంటలు నిలబెట్టిన కారులో అది మెత్తబడి లేచిపోతుంది.

ఈ మధ్య ఒక ట్యాక్సీ వచ్చింది. వెనక ఎడమ డోర్ ప్యాడ్‌కు ఎవరో మ్యాగ్నెట్లు అంటించారు. చెయ్యి వేయగానే ప్యాడ్ ఊడి, పవర్ విండో స్విచ్ వైర్ల మీద వేలాడింది. మ్యాగ్నెట్లు మాత్రం రేకునే కరచుకుని ఉన్నాయి. వాటి చుట్టూ ఇనుప రజను గొంగళిపురుగు నూగులా నిక్కబొడుచుకుని ఉంది. రెండింటికి నికెల్ పూత పగిలి, లోపల తుప్పు పట్టి పొడి రాలుతోంది. ప్యాడ్ ఊగి ఊగి హ్యాండిల్ కేబుల్ గూట్లోంచి తప్పుకుంది. లోపల కూర్చున్నవాళ్లు హ్యాండిల్ లాగితే డోర్ తెరుచుకోవడం లేదు, డ్రైవర్ దిగి బయటి నుంచి తీస్తున్నాడు. ఆ బండి ఏ కాలవలోనో పడితే? నాకు భయమేసేది అక్కడే. డోర్ మూసేటప్పుడు మనం లాగేది చాలా కార్లలో ప్యాడ్‌కున్న పిడినే. ఆ పిడి స్క్రూలు లోపలి ఇనుప రేకుకు బిగియాలి. మ్యాగ్నెట్‌ను రేకు నుంచి ఊడదీసే దిక్కులోనే ఆ లాగుడు పడుతుంది, రోజుకు పదిసార్లు.

చిన్నపిల్లలున్న ఇళ్లకు ఇంకో మాట. ఊడిన మ్యాగ్నెట్లు సీటు కింద దొర్లుతుంటాయి. పిల్లవాడు ఒకటి మింగి కాసేపటికి ఇంకొకటి మింగితే, కడుపులో పేగుల గోడలను మధ్యన నొక్కి అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, పేగుకు చిల్లు పడుతుంది. ఆపరేషన్ దాకా వెళ్లే సంగతి అది.

అసలు క్లిప్పులు ఎందుకు విరుగుతున్నాయి? అద్దం మోటారు పనికి వచ్చిన బండి ప్యాడ్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తారు. ప్యాడ్ లేపడానికనే చదునైన ప్లాస్టిక్ పనిముట్లు దొరుకుతాయి, వాటిని క్లిప్ పక్కనే పెట్టి లేపితే చాలావరకు విరగవు. విరిగినా, మామూలు కార్లకు ఒక్కోటి పది ఇరవై రూపాయల నైలాన్ ముక్క. దానికంటే పెద్ద నష్టం లోపలి ప్లాస్టిక్ షీటు చింపి అవతల పారేయడం. వాన నీళ్లు అద్దం పక్కనుంచి డోర్ లోపలికి దిగడం మామూలే, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు ప్యాడ్‌కూ కాళ్ల కింది కార్పెట్‌కూ తగలకుండా ఆపేది నల్ల జిగురుతో అంటించిన ఆ షీటే. కొన్ని కార్లలో ముందు డోర్ లోపల గాలి ఒత్తిడిని పసిగట్టి సైడ్ ఎయిర్‌బ్యాగ్‌ను పేల్చే సెన్సర్ ఉంటుంది. ఆ డోర్ లోపలి మూతలు ఉండాల్సిన చోట ఉంటేనే ఆ సెన్సర్ లెక్క సరిగ్గా పడుతుంది.

మ్యాగ్నెట్ వాడదగ్గ చోటు లేకపోలేదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌ను ఇంకా ప్రాణంలా చూసుకునేవాళ్లు మా దగ్గరికొస్తారు. దాని డోర్‌కు హార్డ్‌బోర్డు మీద రెగ్జిన్ చుట్టిన పలక ఉంటుంది. నీళ్లకు అంచులు ఉబ్బి క్లిప్ రంధ్రాలు చిరిగిపోతాయి. పైకి స్క్రూ కనపడకూడదంటే, ముందు డోర్ అడుగున చిన్న ఇనుప అంచు కట్టి పలక బరువంతా దాని మీద ఆనించాలి. ఆ తర్వాత మధ్యలో రంధ్రం ఉన్న, ఉక్కు గిన్నెలో కూర్చోబెట్టిన మ్యాగ్నెట్లను పలకకు స్క్రూతో బిగించాలి, జిగురుతో కాదు. పిడి మాత్రం విడిగా రేకుకే బిగించాలి. అలాగైతే పలక ముందుకు ఒరగకుండా ఆపడం ఒక్కటే మ్యాగ్నెట్ పని, అది చేస్తుంది. కిటికీలకు పెట్టుకునే మ్యాగ్నెట్ ఎండ తెరలంటారా, నిక్షేపంగా వాడుకోండి.

వచ్చే ఆదివారం అదే పేజీలో ఈ సంగతి వేయమని కోరుతున్నాను. డోర్ పనికి బండి ఇచ్చే పాఠకులు ప్యాడ్ మూయకముందే షీటు తిరిగి అంటించారో లేదో దగ్గరుండి చూసుకోవాలి, విరిగిన క్లిప్పులకు కొత్తవి వేయించుకోవాలి. డబ్బులిచ్చేముందు లోపలా బయటా హ్యాండిళ్లు రెండూ లాగి చూడండి.

ఇట్లు,
కార్ల సీట్లు, డోర్ ప్యాడ్ల పనివాడు,
ఆటోనగర్, విజయవాడ