అంబా అని అరిచినందుకు

అనంతపురం దగ్గర మనూరు,
2025 నవంబరు, ఆదివారం పొద్దున

బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. మొదటి నెల శనక్కాయ పీకుడు, రెండో నెల అమ్మ కంటి ఆపరేషన్. అమ్మకిప్పుడు బాగుంది, వీధి మలుపులో ఉండగానే ఎవరొస్తున్నారో చెప్పేస్తోంది. దిగుబడి మాత్రం అడగొద్దు. మీ నాయనకు మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన ఖర్జూరం అందరికీ పంచాం. మా పాప నడుస్తోంది. ఊరి సంగతులు అయిపోయాయి, ఇక అసలు సంగతి. ఇది ఫోన్లో చెబితే సగం కూడా రాదు. పైగా నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు.

మా చిన్నాయనను తీసుకుని విశాఖపట్నం పోయొచ్చాను.

గుర్తుంది కదా, ఆయన రచ్చకట్ట మీద కూర్చుంటే మనం వేపచెట్టు వెనక నుంచి "అంబా..." అని దూడల్లా అరిచి పరుగెత్తేది? మొదలుపెట్టింది నువ్వే. "నేవీలో ఏం చేస్తాంటివి చిన్నాయనా?" అని అడిగితే ఆయన "అంబలో చేస్తాంటి" అన్నాడు. అంబ అంటే నేవీ ఓడ పేరని మనకప్పుడు తెలీదు. అంతే, నీకు పట్టుకుంది. అప్పటినుంచి ఊళ్లో ఏ ఆవు అరిచినా మనిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. "సబ్‌మెరైన్‌లో కాదప్పా, సబ్‌మెరైన్లకు అమ్మ ఉంటాది, ఆ అమ్మ దగ్గర చేసినా" అని ఆయన పాపం ఎన్నిసార్లు చెప్పాడో. ఒక్కసారైనా కూర్చుని విన్నామా?

చిన్నమ్మ పోయినప్పటినుంచి ఆయన మాట తగ్గించేశాడు. తినేది, పడుకునేది, అంతే. దసరా అయిన తర్వాత ఒక రాత్రి, ఏమీ అడగకుండానే, "ఒకసారి సముద్రం చూడాలప్పా" అన్నాడు. నేను మరుసటి రోజే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీశాను. రైల్లో ఆయన సరిగ్గా నిద్రపోలేదు. గోదావరి వంతెన వచ్చినప్పుడు నన్ను తట్టి లేపాడు, నీళ్లు చూడమని. మన కళ్లకు అన్ని నీళ్లు ఒకేచోట కనబడడమంటే నీకు చెప్పాలా.

విశాఖలో ఆర్కే బీచ్ ఒడ్డున కుర్సురా ఉంది. నిజం సబ్‌మెరైన్ బావా, బొమ్మ కాదు. రష్యా నుంచి తెచ్చింది, 1969లో మన నేవీలో చేరింది, 2001 దాకా పని చేసింది. తర్వాత ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు, మన ఎలిమెంటరీ స్కూలు ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచినంత. లోపల మాత్రం మనిషి పక్కకు తిరిగితేనే దారి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంత, కాలు ముందు పెట్టి తల వంచి దూరాల. నేను రెండుసార్లు నెత్తి కొట్టుకున్నాను. అరవై తొమ్మిదేళ్ల చిన్నాయన చేత్తో పైకమ్మీ పట్టుకుని పిల్లోడి మాదిరి జారిపోయాడు. అప్పుడే నాకు గుండె ఒకటి తప్పి కొట్టుకుంది, ఈయన నాకు తెలిసిన చిన్నాయన కాదు అని.

రెండో గదిలో ఆగిపోయాడు. మడమతో నేల మీద మెల్లగా రెండుసార్లు తట్టాడు. "ఈ కింద ఉంటాయి" అన్నాడు. "ఏమి?" అన్నాను. "బ్యాటరీలు. ఈ గది కింద రెండు గుంపులు, నాలుగో గది కింద రెండు. గుంపుకు నూట పన్నెండు. మొత్తం 448." ఈమధ్య కరెంటు బిల్లు కట్టాడో లేదో కూడా గుర్తుండని మనిషి!

అక్కడ వివరాలు చెప్పేది కూడా సబ్‌మెరైన్లలో పని చేసి రిటైరైనవాళ్లే. ఆ రోజున్నాయన శ్రీకాకుళం వైపు మనిషి, మాటలో తెలిసిపోతుంది. ఒక స్కూలు పిల్లల గుంపుకు చెబుతూ, "డెబ్భై మంది పైన ఉండేవాళ్లం, మరుగుదొడ్లు రెండే, వారాల తరబడి స్నానం లేదు" అంటున్నాడు. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. ఆయన ఉన్నట్టుండి మా చిన్నాయన మడమ తట్టడం చూశాడు. "ఏ బోటండి మాస్టారూ మీది?" అన్నాడు. వాళ్లు సబ్‌మెరైన్‌ను బోటు అనే అంటారు. చిన్నాయన, మనకు చెప్పినట్టే, అదే మెత్తటి గొంతుతో, "బోటు కాదు సార్. అంబ. ఎలక్ట్రీషియన్" అన్నాడు.

ఆయన చేతిలో ఉన్న టార్చి పక్కన పెట్టేశాడు బావా. దగ్గరికొచ్చి చిన్నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "అంబ మీద వేడినీళ్లతో స్నానం చేసిన రోజు నాకింకా గుర్తుందండి. సబ్బు నురగ నల్లగా పోయేది" అన్నాడు. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయన పిల్లల వైపు తిరిగి, "ఈ గది గురించి నేను చెప్పను, ఈ తాతగారు చెబుతారు" అన్నాడు.

మన రచ్చకట్ట మీద ఎవరూ వినని మాటలు ఆ ఇనుప గొట్టంలో నలభై మంది పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. నేనూ అప్పుడే విన్నాను. నాకు అర్థమైనంత రాస్తాను.

సబ్‌మెరైన్ నీళ్ల కింద నడిచేది బ్యాటరీల మీద. కింద డీజిల్ ఇంజిన్ నడపాలంటే గాలి కావాలి కదా. ఆ బ్యాటరీలు అయిపోతే మళ్లీ నింపాలి. బయట సముద్రంలో ఉంటే తన ఇంజిన్లతోనే నింపుకుంటుంది. రేవుకొచ్చినప్పుడు అంబ పక్కన ఆనించి కడతారు. అప్పుడు అంబ నుంచి చెయ్యంత లావు తీగలు దించి దానికి కరెంటు ఎక్కిస్తారు. సబ్‌మెరైన్ ఇంజిన్లు ఆగుతాయి, మనుషులు పైకొచ్చి అంబ మీద తిని, కడుక్కుని, కాళ్లు చాపుకుని పడుకుంటారు. వాళ్లు పడుకుంటే అంబవాళ్లు సబ్‌మెరైన్‌లోకి దిగుతారు. చార్జింగ్ అవుతుంటే హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని గాలి తోలుతూనే ఉండాలి. ఒక్కో సెల్లు మూత తీసి, ఆమ్లం చిక్కదనం చూసి, పుస్తకంలో రాసి, తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ పోయాలి. 448 సెల్లులకూ. మోకాళ్ల మీద పాకుతూ.

"మా ఊర్లో తాగేదానికి నీళ్లుండవు నాయనా, నేను ఈడ బ్యాటరీలకు నీళ్లు తాపుతాంటి" అన్నాడు. సముద్రం నీళ్లను ఆవిరి పట్టించి మంచినీళ్లు చేస్తారట ఓడ మీద. సముద్రం నీళ్లే బ్యాటరీలో పడితే మాత్రం విషవాయువు పుడుతుందట, క్లోరిన్. మా ట్రాక్టర్ బ్యాటరీకి బోరు నీళ్లు పోసినప్పుడు ఆయన నన్ను ఎందుకంత అరిచాడో అప్పుడర్థమైంది.

కరెంటు ఒక్కటే కాదు. నీళ్లలో దూసుకుపోయి ఓడలను పేల్చే టార్పెడోలు ఉంటాయి, కుర్సురాలో 22 పట్టేవి. వాటిని క్రేన్‌తో ఏటవాలుగా దించి ముందున్న కంతలోకి తోయాలి, బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టినంత నెమ్మదిగా. గాలి సీసాలు నింపాలి, ఆ గాలితో నీళ్లు వెళ్లగొట్టుకునే సబ్‌మెరైన్ పైకి తేలేది. విరిగిన మరలు చేసే వర్క్‌షాపు కూడా అంబ మీదే.

ఒక పిల్ల, ఎనిమిదేళ్లుంటాయి, చెయ్యెత్తి అడిగింది. "తాతా, అమ్మ ఓడంటే పాలిస్తుందా?" అందరూ నవ్వారు. చిన్నాయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "ఇస్తాది తల్లీ. నూనె, నీళ్లు, గాలి, కరెంటు. నాలుగు రొమ్ములు" అన్నాడు.

ఆ మాటకు నేను కంతలోంచి దూరి పక్క గదిలోకి పోయాను. అక్కడెవరూ లేరు. మనం చెట్టు వెనక నుంచి అరిచిన అంబా నాకు వినబడింది రా.

ఇంకొకటి. ఆయన మోచేతి కింద తెల్ల చుక్కలు గుర్తున్నాయా? లెక్కపెట్టే ఆట ఆడేవాళ్లం, నీకు పదిహేడు వచ్చేవి, నాకు పద్దెనిమిది. అవి టపాకాయలు కాల్చినవి కాదు. బ్యాటరీ ఆమ్లం చిందిన మచ్చలు. ఆ శ్రీకాకుళం ఆయన తన చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు, ఆయనకూ ఉన్నాయి, నాలుగే. ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. పద్దెనిమిదే బావా. నేనే గెలిచాను, కానీ...

బయటికొచ్చి ఇసుకలో కూర్చున్నాం. మరమరాలు కొనిచ్చాను, తినలేదు. పర్సులోంచి మడతలు పడిన పేపరు ముక్క తీశాడు. 2022 ఆగస్టులో అమెరికావాళ్ల ఫ్రాంక్ కేబుల్ అనే తల్లి ఓడ విశాఖకు వచ్చినప్పటి వార్త. 1979 నాటి ఓడలు, అట్లాంటివి వాళ్లకు రెండే మిగిలాయట, ఇంకా నడుపుతున్నారు. "మనది 1968లో వచ్చింది. 2006లో తీసేసినారు" అన్నాడు. మొదటి సబ్‌మెరైన్ కల్వరి వచ్చిన ఏడాదికే అంబ వచ్చిందట. ఆ జాతివి ఎనిమిదిటిని మన నేవీ తెచ్చింది. వాటిలో ఒకదాన్ని ఒడ్డున పెట్టి దీపాలు వేశారు, జనం టికెట్ కొని చూస్తున్నారు. 140 మీటర్ల తల్లి గురించి ఆ బీచ్‌లో నాకు ఒక్క పలక కూడా కనబడలేదు. నాకు కోపమొచ్చింది. ఆయనకు రాలేదు. "పిల్లోళ్లు బాగుంటే చాల్లే" అన్నాడు. నేను ఒప్పుకోను. ఒక ఫొటో అయినా పెట్టొచ్చు. ఎవరికి రాయాలో కనుక్కుంటాను, నువ్వు కూడా అక్కడ నేవీలో చేసినవాళ్లెవరైనా ఉంటే అడుగు.

ఈ ఏడాది జూలైలోనే నిస్తార్ అనే కొత్త ఓడ విశాఖలో నేవీలో చేరిందని కూడా ఆయనే చెప్పాడు. అది ఇట్లాంటి అమ్మ కాదు, ప్రమాదంలో పడిన సబ్‌మెరైన్ నుంచి మనుషులను బయటికి తెచ్చేది. మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టారు. దాని పని గురించి ఆయన రైల్లో గుంతకల్లు దాకా చెప్పాడు, అది ఇంకో ఉత్తరంలో...

ఇంటికొచ్చినప్పటినుంచి సాయంత్రాలు రచ్చకట్ట మీదికి పోతున్నాడు. మొన్న మా పెద్దోడు, వాడి గ్యాంగు చుట్టూ కూర్చున్నారు. నేను దూరం నుంచి చూస్తున్నా. నువ్వు వచ్చే సంక్రాంతికి సెలవు దొరికితే రా, ఆయన పక్కన మనిద్దరం కూర్చోవాల. నేను ఆయనతో ఇంకా ఏమీ అనలేదు. నువ్వొస్తే ఇద్దరం కలిసి

మోటారు కరెంటు వచ్చింది బావా. చీనీ చెట్లకు నీళ్లు తిప్పాల. పోతున్నా.

నీ
పద్దెనిమిది